గేసూదరాజ్: పేరు వెనుక మహనీయుడు

మన పాలమూరు ప్రాంతంలో, అమ్రాబాద్ మొదలు గద్వాల దాకా, ఖాజా అనీ బందెనవాజ్ అనీ పేర్లు వింటూనే ఉంటాం. గేసూదరాజ్ అనే పేరుగల పిల్లవాడు మాత్రం అరుదు. అర్థమేమని అడిగితే గుల్బర్గా దర్గా పేరు కదా అని ఊరుకుంటాం. పెట్టిన మనమే చెప్పలేకపోతే రేపు ఆ బిడ్డ నలుగురిలో ఏమని చెప్పుకుంటాడు? అందుకే ఆ మహనీయుని జీవితం క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

హజరత్ ఖాజా బందెనవాజ్ గారి అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుస్సేనీ. 1321లో ఢిల్లీలో జన్మించారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చిన కాలంలో తల్లిదండ్రుల వెంట పసితనంలోనే దక్కనుకు వచ్చారు. తండ్రిగారు ఇక్కడే కన్నుమూశారు. వారి సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. పదిహేనేళ్ల ప్రాయంలో తల్లిగారితో ఢిల్లీకి తిరిగి వెళ్లి, చిష్తీ పరంపరకు చెందిన హజరత్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ గారికి మురీదు అయ్యారు.

ఫారసీలో గేసూ అంటే జులపాలు, దరాజ్ అంటే పొడవైనవి. ఈ పేరు ఎట్లా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు. ఒకనాడు ముర్షిద్ కూర్చున్న పల్లకీని మురీదులు మోస్తున్నారు. ఈయన జుట్టు పల్లకీకి చిక్కుకుంది. ఆగి విడిపించుకోవచ్చు. కాని పల్లకీ ఆపితే ముర్షిద్‌కు ఇబ్బంది కలుగుతుందని, నొప్పి ఓర్చుకొని చాలా దూరం అట్లాగే నడిచారట. సంగతి తెలిసి ముర్షిద్ సంతోషించి గేసూదరాజ్ అని పిలిచారు. కాబట్టి ఇది జుట్టు అందం చెప్పే పేరు కాదు, అదబ్‌నూ ఓర్పునూ చెప్పే పేరు.

1356లో ముర్షిద్ గతించిన తరువాత నలభై ఏళ్లకు పైగా ఢిల్లీలోనే జనానికి దారి చూపారు. 1398లో తైమూరు దండయాత్ర ముంచుకురాగా, ఎనభైకి దగ్గరపడిన వయసులో ఊరు విడిచి, గుజరాత్ మీదుగా దక్కను చేరి గుల్బర్గాలో స్థిరపడ్డారు. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా మొదట గౌరవంగా ఆహ్వానించాడు. తరువాత మనసులు కలవలేదు. ఖాన్‌ఖాను కోట దగ్గరి నుండి దూరంగా మార్చవలసి వచ్చింది. అయినా జనం రాక తగ్గలేదు. బందా అంటే దాసుడు, నవాజ్ అంటే దయతో ఆదుకొనేవాడు. సుల్తాన్ ముఖం చాటేసినా సామాన్యులు విడువని మనిషికి ఆ పేరు తగినదే.

1422 నవంబరు 1న, నూరేళ్లు దాటిన వయసులో పరమపదించారు. 1956 దాకా గుల్బర్గా, పాలమూరు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. నేడు ఆ ఊరు కర్ణాటకలో కలబురగి. ఐనా జిల్ఖాదా నెలలో జరిగే ఉర్సుకు మనవాళ్లు ఇప్పటికీ వెళుతూనే ఉన్నారు. అక్కడికి ముస్లింలే కాదు, హిందువులూ వస్తారు.

పలకడం కష్టమని, బడిలో తోటిపిల్లలు నవ్వుతారని ఇట్లాంటి పేర్లను మార్చకండి. పేరుతోపాటు ఆ పల్లకీ కథ కూడా బిడ్డకు చెప్పండి. పెద్దలకు కష్టం కలగకుండా తాను ఓర్చుకొనేవాడే ఆ పేరుకు తగినవాడు. అల్లాహ్ మన పిల్లలకు ఆ గుణం ప్రసాదించుగాక. ఆమీన్.