తలుపు తీస్తే దొరికిన వాయువు: రూథర్‌ఫర్డ్ కథ

న్యూజిలాండ్‌లో నెల్సన్ పట్టణానికి దగ్గర్లో బ్రైట్‌వాటర్ అనే చిన్న ఊరు ఉంది. 1871 ఆగస్టు 30న ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ అక్కడ పుట్టారు. తండ్రి బండి చక్రాలు చేసేవారు. తల్లి పెళ్లికి ముందు బడిలో పాఠాలు చెప్పేవారు. పన్నెండు మంది సంతానంలో ఎర్నెస్ట్ నాలుగోవాడు. అంత పెద్ద కుటుంబంలో పై చదువులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? స్కాలర్‌షిప్ వస్తేనే చదువు. నెల్సన్ కాలేజీలో, తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ కాలేజీలో ఆయన అలాగే చదివారు. 1895లో ఇంగ్లండ్ వెళ్లింది కూడా స్కాలర్‌షిప్‌తోనే. దానికి మొదట ఎంపికైంది మరొకరు. ఆయన వదులుకోవడంతో రెండో పేరుగా ఉన్న రూథర్‌ఫర్డ్‌కు ఆ అవకాశం దక్కింది.

కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ ఆయనకు గురువు. యురేనియం నుంచి కంటికి కనిపించని కిరణాలు వస్తున్నాయని 1896లో ఫ్రాన్స్‌లో బెకరెల్ కనుగొన్నారు. వాటిలో రెండు రకాలున్నాయని తేల్చి, ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టింది రూథర్‌ఫర్డే. 1898లో కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆయన్ను ప్రొఫెసర్‌గా పిలిచింది. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

అక్కడే ఒక చిక్కు ఎదురైంది. రాబర్ట్ ఓవెన్స్ అనే సహచరుడు థోరియం కిరణాలను కొలుస్తున్నారు. యురేనియం అయితే కొలత నిలకడగా ఉండేది. థోరియం కొలత మాత్రం ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండేది కాదు. గది తలుపు తీసి గాలి ఆడితే పడిపోయేది. తలుపు మూసి గాలి కదలకుండా చేస్తే మళ్లీ పెరిగేది.

పరికరం చెడిపోయిందని ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. రూథర్‌ఫర్డ్ మరోలా ఆలోచించారు. కిరణాలను గాలి ఎగరగొట్టలేదు. గాలితో పాటు కొట్టుకుపోతోందంటే థోరియం నుంచి కిరణాలే కాదు, గాలిలో కలిసే పదార్థమేదో కూడా వస్తూ ఉండాలి. థోరియం మీదుగా గాలిని పంపి, గొట్టం ద్వారా వేరే పాత్రలోకి చేర్చారు. థోరియం లేని ఆ పాత్రలోనూ రేడియోధార్మికత కనిపించింది. అది సుమారు నిమిషానికి సగం, మరో నిమిషానికి అందులో సగం చొప్పున తగ్గిపోయింది. ఇలా సగానికి తగ్గే కాలాన్నే మనం ఇప్పుడు అర్ధాయువు అంటున్నాం. ఈ సంగతిని 1900లో ఆయన ప్రచురించారు. అదే ఏడాది జర్మనీలో ఫ్రెడరిక్ డోర్న్ రేడియం నుంచి కూడా అలాంటి వాయువు వస్తోందని గమనించారు. ఈ వాయువే రేడాన్. థోరియం నుంచి వచ్చేది దానికే మరో రూపం.

అది వాయువేనని, బరువైనదని నిరూపించే పనిలో హ్యారియట్ బ్రూక్స్ అనే విద్యార్థిని ఆయనతో కలిసి పనిచేశారు. ఆమె తర్వాత అమెరికాలో ఒక మహిళా కళాశాలలో బోధించారు. 1906లో పెళ్లి కుదిరినందుకు ఉద్యోగం వదలాలని అక్కడివారు పట్టుబట్టారు. స్త్రీకి తన వృత్తిలో కొనసాగే హక్కుందని ఆమె వాదించారు. అయినా వారు వినలేదు. పెళ్లయ్యాక ఆమె పరిశోధన మానేశారు. 1933లో ఆమె చనిపోయినప్పుడు, ఆ కృషిని లోకానికి గుర్తుచేస్తూ రూథర్‌ఫర్డ్ స్వయంగా నివాళి రాశారు.

ఫ్రెడరిక్ సాడీతో కలిసి రూథర్‌ఫర్డ్ మరో అడుగు వేశారు. ఆ వాయువు దేనితోనూ కలవని జడవాయువని తేల్చారు. అంటే ఒక మూలకం తనంతట తానే మరో మూలకంగా మారుతోంది! మూలకాలు మారవని నమ్మిన రసాయన శాస్త్రానికి ఇది పెద్ద కుదుపు. ఇందుకు 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. భౌతిక శాస్త్రవేత్తకు రసాయన శాస్త్రంలో బహుమతి రావడం చూసి ఆయనే నవ్వుకున్నారు. అప్పటికే మాంచెస్టర్ చేరిన ఆయన, బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపిన ప్రయోగాల ఆధారంగా 1911లో పరమాణువుకు కేంద్రకం ఉందని చెప్పారు.

1938 జనవరిలో కలకత్తాలో జరిగే భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవ సమావేశాలకు ఆయన అధ్యక్షత వహించవలసి ఉంది. ఆ ప్రయాణం జరగనే లేదు. 1937 అక్టోబరు 19న కేంబ్రిడ్జిలో కన్నుమూశారు. ఆయన స్థానంలో జేమ్స్ జీన్స్ అధ్యక్షత వహించారు. రూథర్‌ఫర్డ్ చితాభస్మాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, న్యూటన్ సమాధికి దగ్గర్లో ఉంచారు.

ప్రయోగశాలలో దొరికిన ఆ వాయువు ఇళ్లలోనూ ఉంటుందన్న ఆందోళన చాలా ఆలస్యంగా మొదలైంది. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, నిర్మాణంలో ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఒక ఇంజనీరు లోపలికి అడుగుపెట్టగానే రేడియేషన్ అలారం మోగింది. కేంద్రం ఇంకా విద్యుత్తు తయారు చేయడమే లేదు. వెతికితే మూలం ఆయన ఇంట్లో బయటపడింది. తర్వాత అక్కడి ప్రభుత్వం ఇళ్లకు పెట్టిన హద్దుకు వందల రెట్ల రేడాన్ ఆ ఇంట్లో ఉంది. కుటుంబం ఇల్లు ఖాళీ చేసి, మరమ్మతులయ్యాకే తిరిగి వచ్చింది.

నేలలో, రాళ్లలో కొద్దిపాటి యురేనియం ఉంటుంది. అది క్రమంగా రేడియంగా, రేడియం రేడాన్‌గా మారుతుంది. రంగు, వాసన లేని ఈ వాయువు పునాది పగుళ్లు, గొట్టాల చుట్టూ ఉన్న సందుల గుండా ఇంట్లోకి వస్తుంది. దాని అర్ధాయువు సుమారు 3.8 రోజులు. అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థాలు దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ముక్క ఆపగలదు, మన చర్మం పైపొర ఆపగలదు. ఊపిరితిత్తుల లోపల మాత్రం అలాంటి అడ్డు లేదు. అందుకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో పొగాకు తర్వాత రేడాన్‌ను చెబుతారు. పొగ తాగేవారికి ముప్పు మరీ ఎక్కువ.

ఘనపు మీటరు గాలిలో రేడాన్ 100 బెకరల్‌లకు మించకుండా చూడడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. చిన్న డిటెక్టర్‌ను గదిలో ఉంచి దీన్ని కొలవవచ్చు. ఎక్కువగా ఉంటే నేల పగుళ్లు పూడ్చాలి. అది ఒక్కటే చాలకపోతే నేల అడుగు నుంచి ఇంటి కప్పు పైదాకా గొట్టం వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని బయటికి లాగేస్తారు. అన్నిటికన్నా సులువైన పని కిటికీలు, తలుపులు తెరవడం. అయితే అవి తెరిచి ఉన్నంతసేపే ఫలితం. రోజంతా మూసి ఉంచిన గదిలో రేడాన్ మళ్లీ పోగవుతుంది. మాంట్రియల్ గదిలో తలుపు తీయగానే కొలత ఎందుకు పడిపోయిందో, మూయగానే ఎందుకు పెరిగిందో గుర్తు తెచ్చుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది.