రెండు చక్రాల మీద ఇంజను – జి.డి. నాయుడు గారి జీవితం



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు కోరినపుడు, ఎవరిని గురించి వ్రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. గాంధీ గారిని గురించి, ప్రకాశం పంతులు గారిని గురించి మనవాళ్ళు లోగడ చాలాసార్లు వ్రాసి ఉన్నారు. ఇంతలో మా వీధిలోనే నాకు విషయం దొరికింది.

మా కొత్తపట్నంలో ఎదురింటి కుర్రవాడు ఐ.టి.ఐ. చదువుతున్నాడు. వాళ్ళ మేనమామ మిరపతోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయరు మూలపడి ఉంటే, దాని పెట్రోలు ఇంజను ఊడదీసి తన సైకిలు వెనుక బిగించాడు. ఇంజనుకు ఒక రోలరు తగిలించి, అది వెనుక టైరును ఒరుసుకుని తిప్పేటట్లు ఏర్పాటు చేశాడు. పది గజాలు తొక్కి లివరు వదిలితే రోలరు టైరు మీద ఆనుతుంది, ఇంజను అందుకుంటుంది. వానకు టైరు తడిస్తే రోలరు జారుతుందట. ఇసుకలో నడిపితే టైరు త్వరగా అరిగిపోతుందట. సైకిలు బ్రేకులు ఆ వేగానికి చాలవనీ, రిజిస్ట్రేషను లేకుండా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం ఊరుకోదనీ నేను చెప్పాను. గుమాస్తాగా బ్రతికినవాడికి ముందు చట్టమే గుర్తుకు వస్తుంది గదా! చదువు మాని ఈ మరలేమిటని వాళ్ళ నాన్న రోజూ తిడుతున్నాడు. ఆ తిట్లు వింటూ ఉండగా నాకు జి.డి. నాయుడు గారు జ్ఞాపకం వచ్చారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో జన్మించారు. ఏనాడో తెలుగుదేశం నుండి దక్షిణానికి వలస పోయి, ఇంట్లో తెలుగు నిలుపుకున్న రైతు కుటుంబాలలో వారిది ఒకటి. తల్లి చిన్నతనంలోనే పోయింది. బడి ఆయనకు పడలేదు. చదువు మూడవ తరగతితో సరి.

ఒకనాడు ఒక ఆంగ్ల అధికారి తమ ఊరి వైపు మోటారు సైకిలు మీద వచ్చాడు. అది రడ్జ్ బండి. ఆ రడ్జ్ వారు ఇంగ్లండులోని కోవెంట్రీలో సైకిళ్ళు చేసి పేరు తెచ్చుకున్నవారు. 1911 ప్రాంతంలో మోటారు బండ్లు మొదలుపెట్టారు. కనుక చూడటానికి అది కొంచెం లావుపాటి సైకిలే. నడుమ ఒక సిలిండరు ఇంజను, వెనుక చక్రానికి బెల్టు. గుర్రం లేకుండా, ఎద్దు లేకుండా అది పోతూ ఉంటే యువకుడైన నాయుడు గారికి నిద్ర పట్టలేదు. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనికి కుదిరారు. కొన్నేళ్ళు ప్లేట్లు మోసి కూడబెట్టిన 300 రూపాయలతో ఆ బండినే కొన్నారు. ఆ కాలంలో 300 రూపాయలంటే ఎంతో మన సభ్యులలో పెద్దవారికి నేను చెప్పనక్కరలేదు.

కొన్నవారు ఊరేగలేదు. బండిని విప్పి, ఏ మర ఎందుకున్నదో చూసి, తిరిగి బిగించారు. మళ్ళీ విప్పారు. ఆయన కాలేజీ అదే. ఆ చేతిపనితోనే మెకానిక్కు అయ్యారు.

నడుమ ప్రత్తి వ్యాపారం కూడా చేశారు. తిరుప్పూరులో జిన్నింగు మిల్లు నడిపి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బాగా సంపాదించి, బొంబాయి ప్రత్తి బజారుకు వెళ్ళి ఆ డబ్బంతా పోగొట్టుకుని వచ్చారు. ప్రత్తి ధరను నమ్మి మునిగినవారు మన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఇంటికొకరున్నారు కనుక దీనిని పెంచి వ్రాయను.

1920లో, కోయంబత్తూరు మిల్లు యజమాని రాబర్ట్ స్టేన్స్ దొర చేసిన సహాయంతో ఒక బస్సు కొని, పొల్లాచి నుండి పళనికి తామే డ్రైవరుగా నడిపారు. అదే యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సు కంపెనీ అయింది. 1932లో ఐరోపా వెళ్ళి అక్కడి యంత్రాలు చూసి వచ్చారు. 1937 వేసవిలో మన కొత్తపట్నంలో జరిగిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించిన సంగతి మనవారందరూ ఎరుగుదురు. అదే ఏడాది కోయంబత్తూరు పీలమేడులో నాయుడు గారు, డి. బాలసుందరం గారు కలసి మన దేశపు మొదటి ఎలక్ట్రిక్ మోటారును తయారుచేశారు. ఆ తరువాత కోయంబత్తూరు మోటార్లకూ, పంపుసెట్లకూ పెట్టింది పేరయింది.

కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పండ్లరసం తీసే యంత్రం, బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే రేజరు, 1941లో 70 రూపాయలకే అయిదు వాల్వుల రేడియో – ఇలా ఆయన చేసినవి చాలా ఉన్నాయి. నేను ఆగదలచుకున్నది 1952 దగ్గర. ఆ ఏడాది ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారుచేశారు. ధర 2000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. సామాన్యుడి కారు అంటూ మారుతి మన రోడ్ల మీదకు 1983 డిసెంబరులో గాని రాలేదు. లెక్క చూస్తే ముప్పై ఒక్క ఏళ్ళు.

జపానులో హోండా గారు 1946లో, యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైన్యపు వైర్లెస్ జనరేటర్ల ఇంజన్లు కొని సైకిళ్ళకు బిగించి అమ్మారు. మా ఎదురింటివాడు చేసినది అచ్చం అదే. రెండేళ్ళలో అది కంపెనీ అయింది. అక్కడ సాగింది, ఇక్కడ ఆగింది.

నాయుడు గారి ఫైలు మీద నోటు వ్రాసిన గుమాస్తా ఎవరో గాని, అతని మీద నాకు కోపం రాదు. నేనూ అటువంటి నోటు వ్రాసినవాడినే. సర్వీసులో చేరిన తొలి రోజులలో, సైకిలు షాపు నడిపే ఒకాయన తాను చేసిన తొక్కుడు పంపుకు ఏదైనా సహాయం దొరుకుతుందేమోనని అర్జీ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. నిబంధనలలో దీనికి తావు లేదని ఒకే ఒక్క వాక్యం వ్రాసి పైకి పెట్టాను. సంతకాలు పడి తిరిగివచ్చింది. ఆయన మూడుసార్లు వచ్చి అడిగాడు, తరువాత రావడం మానేశాడు. ఆ పంపు నీళ్ళు తోడుతుందో లేదో ఒక్కసారి వెళ్ళి చూసి ఉండవలసింది. షాపు మా ఆఫీసుకు నాలుగు వీధుల అవతలే ఉండేది.

విద్య విషయంలో కూడా నాయుడు గారిది వేరే దారి. 1945లో ఆయన చొరవతో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం ఏర్పడింది. నాలుగేళ్ళ చదువు వృథా, రెండేళ్ళు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో ప్రిన్సిపాలు పదవికి రాజీనామా ఇచ్చారు. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేను. అందరూ నాయుడు గార్లు కాలేరు. ఆ విద్యాలయమే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

1974 జనవరి 4న ఆయన కాలధర్మం చెందారు. ఆయన యంత్రాలను కోయంబత్తూరు ప్రదర్శనశాలలో చూడవచ్చును.

మొన్న సాయంత్రం కుర్రవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ముందు బ్రేకులు మార్చమన్నాను. మార్చిన తరువాత ఒంగోలు రవాణా శాఖ కార్యాలయానికి దరఖాస్తు నేనే వ్రాసి, వెంట వస్తానన్నాను. అక్కడ ఒప్పుకుంటారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. వాడు అంతా విని, రడ్జ్ బండికి బెల్టు అన్నారు గదా తాతయ్యా, వానకు అది జారదా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. రోలరు తీసి బెల్టు పెట్టి చూస్తానని లేచి వెళ్ళాడు. ఆ సలహా నాదని వాళ్ళ నాన్నకు తెలియనివ్వవద్దని వెనుక నుండి కేకవేసి చెప్పాను.