మగ్గం తరఫున మాట్లాడిన ప్రగడ కోటయ్య గారు

పావగడ నుంచి గుంటూరు జిల్లా నిడుబ్రోలుకి పోవాలంటే రాత్రంతా ప్రయాణం. అంత దూరంలో పుట్టిన మనిషి జీవితం మన వార్షికోత్సవ సంచికలో ఎందుకు అని మాలోనే కొందరు అడిగారు. వై.ఎన్.హొసకోటలో పట్టుచీర నేసే ఇంటికీ చీరాలలో నూలు బట్ట నేసే ఇంటికీ ఏం సంబంధం అని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. సొసైటీ ద్వారా వచ్చే నూలు, పండగ రిబేటు, బుటా, అంచు వేసిన చీర మగ్గం మీదే నెయ్యాలన్న చట్టం, ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవని మన పిల్లలు అనుకుంటున్నారు. వాటి వెనక ఎంత పోరాటం నడిచిందో తెలియాలంటే ప్రగడ కోటయ్య గారి కథ తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాం.

కోటయ్య గారు 1915 జులై 26న నిడుబ్రోలులో చేనేత కుటుంబంలో పుట్టారు. రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా గారిదీ ఆ ఊరే. రంగా గారు రైతుల గురించే కాదు, నేతగాళ్ళ గురించి కూడా ఇంటింటికీ తిరిగి లెక్కలు తీసి 1930లో చేనేత ఆర్థిక పరిస్థితి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. మగ్గానికి ఎంత ఖర్చు, కూలి ఎంత మిగులుతుంది, అప్పు ఎంత అని ఒకరు కూర్చుని రాయడం ఆ రోజుల్లో కొత్త సంగతి. కోటయ్య గారు ఆయన శిష్యుడయ్యారు. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేస్తూనే నేతగాళ్ళని కూడగట్టే పనిలోకి దిగారు.

ఆయన పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో ఉండగా జరిగిన సంగతి ఒకటి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈనాటి మన కష్టం కూడా దాని అచ్చులోనే ఉంది. అప్పటిదాకా మాంచెస్టరు బట్ట మన మగ్గాలని కొట్టింది. 1930 దాటాక జపాను బట్ట ఇంకా చౌకగా వచ్చి పడింది. మిల్లుల యజమానులు గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం 1933లో బ్రిటిషువి కాని బట్టల మీద సుంకాన్ని నూటికి 75 దాకా పెంచింది, 1934లో మిల్లులకి రక్షణగా సుంకాల చట్టమే తెచ్చింది. బట్ట మీద సుంకం వేస్తే మిల్లుకి మేలు. మరి నూలు మీద కూడా వేస్తే? మిల్లు తన నూలు తానే వడుక్కుంటుంది. మగ్గం వాడు నూలు కొనుక్కోవాలి. పరదేశపు నూలు ధర పెరిగితే దేశపు నూలు ధర కూడా దాని వెంటే పెరుగుతుంది. అంటే దిగుమతి వల్ల ఒక దెబ్బ, దిగుమతిని ఆపడం వల్ల ఇంకో దెబ్బ.

ఈ సంగతి అప్పటి ప్రభుత్వమే ఒప్పుకుంది. దిగుమతి నూలు మీద పౌనుకి కాలణా లెక్కన ఎంత వస్తుందో సుమారు అంత, ఏడాదికి ఐదు లక్షల రూపాయల దాకా, చేనేతకి సాయంగా ప్రావిన్సులకి పంచాలని తీర్మానించింది. 1935లో మద్రాసులో చేనేత సహకార రాష్ట్ర సంఘం పుట్టింది. ఇప్పుడు కో-ఆప్టెక్స్ అని పిలిచేది దాన్నే. దేశమంతటి మగ్గాలకి ఐదు లక్షలంటే ఎంతని? మగ్గానికి కొద్ది అణాలే. కానీ మాకు ఆ డబ్బు కంటే దాని వెనక ఉన్న ఒప్పుకోలు పెద్దదనిపిస్తుంది. సర్కారు చేసిన పని వల్ల నేతగాడికి నష్టం వచ్చింది కాబట్టి ఆ నష్టం తీర్చాలి అన్నది ఆ ఒప్పుకోలు. అది దానం కాదు, బాకీ.

ఇక్కడ మన ఊరి మాట ఒకటి. ఆ డబ్బు బ్రిటిషు ప్రావిన్సులకి. హిందూపురం, మడకశిర మద్రాసు కింద ఉన్నాయి. పావగడ మైసూరు సంస్థానంలో ఉంది. ఒకే మాట, ఒకే మగ్గం, మధ్యలో గీత. గీతకి అవతల ఒక లెక్క, ఇవతల ఇంకో లెక్క అన్నది అప్పటి నుంచీ ఉన్నదే.

యుద్ధం రోజుల్లో నూలు కంట్రోలులోకి పోయింది. చిలప దొరకడమే గగనం, దొరికితే బ్లాకు ధర. నూలు చేతిలో ఉన్నవాడిదే రాజ్యం. 1941లో ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ మగ్గాలకీ మిల్లులకీ మధ్య పోటీ ఎలా ఉందో దేశమంతా పరిశీలించి మరుసటేడు నివేదిక ఇచ్చింది. నూలు షావుకారు ద్వారా కాకుండా సహకార సంఘం ద్వారా నేరుగా నేతగాడికి చేరాలన్నది కోటయ్య గారు జీవితాంతం పట్టుకున్న మాట. సంఘం పుస్తకంలో పేరుంటే నూలు వస్తుంది, కూలి వస్తుంది, మనిషి ఉన్నాడన్న రుజువు కూడా వస్తుంది.

1952 ఎన్నికల్లో ఆయన చీరాల నుంచి మద్రాసు శాసనసభకి గెలిచారు. తర్వాత 1955లో, 1967లో మళ్ళీ అక్కడి నుంచే. 1952 చేనేతకి చెడ్డ కాలం. నేసిన బట్ట అమ్ముడుపోక ఇళ్ళలో గుట్టలుగా పడి ఉంది. చీరలు, ధోవతులు మగ్గానికే వదిలెయ్యాలని మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఢిల్లీ మీద ఒత్తిడి తెచ్చారు. నేతగాళ్ళ నాయకులు ఊరూరా అదే అడిగారు. పూర్తిగా రాలేదు, కొంత వచ్చింది. మిల్లులు నేసే ధోవతుల మీద కోత పడింది. ఆ ఏడే అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద గజానికి మూడు పైల అదనపు సుంకం వేసి, ఆ డబ్బు ఖద్దరుకీ చేనేతకీ ఖర్చు పెట్టాలని చట్టం చేశారు. మూడు పైలంటే మళ్ళీ అదే కాలణా. ఈసారి కట్టింది పరదేశపు నూలు కాదు, మన మిల్లులు. సొసైటీలకి పెట్టుబడి, అమ్మకం దుకాణాలు, రిబేటు ఆ నిధి నుంచే పెరిగాయి. మరుసటేడే ఇంకో కమిటీ మగ్గాలని మెల్లగా పవర్‌లూములుగా మార్చాలని చెప్పింది. ఒక చేత్తో అన్నం పెట్టి ఇంకో చేత్తో విస్తరి లాగినట్టు!

అన్నీ మంచే చెప్పి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. సొసైటీలు అన్నిచోట్లా నేతగాడివిగా నిలవలేదు. పేరుకి మాత్రమే మగ్గాలున్న సంఘాలు పుట్టాయి. పవర్‌లూమ్ బట్ట తెచ్చి రిబేటు తిన్నవాళ్ళు ఉన్నారు. సంఘాన్ని నమ్ముకున్న కోటయ్య గారి దారికి ఇది పెద్ద గండి. ఆ గండి పడింది బయటివాళ్ళ వల్ల మాత్రమే కాదు, మనవాళ్ళ చేతులు కూడా అందులో ఉన్నాయి.

1985లో చేనేతకి రిజర్వేషన్ చట్టం వచ్చింది. మరుసటేడు 22 రకాల బట్టలు మగ్గానికే అని ఉత్తర్వు ఇచ్చారు. పవర్‌లూముల వాళ్ళు కోర్టుకి పోయారు. సుప్రీంకోర్టు 1993లో చట్టం చెల్లుతుందని తేల్చేదాకా అది కాగితం మీదే నలిగింది. అదే 1986లో మూతపడ్డ మిల్లుల కార్మికులకి కేంద్రం ఒక పునరావాస నిధి పెట్టింది. ఉద్యోగం పోయిన మిల్లు కార్మికుడికి మొదటి ఏడు జీతంలో 75 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 25. మంచి పనే, వాళ్ళూ మనలాంటి కష్టజీవులే. కానీ మగ్గం ఆగిపోయిన నేతగాడికి అలాంటిది లేదు. ఎందుకు లేదంటే, మిల్లుకి గేటు ఉంది, మస్టర్ రోలు ఉంది, మూతపడిన తేదీ ఉంది. మన మగ్గం మూతపడిన తేదీ ఏ ఆఫీసులోనూ ఉండదు. ఒకరోజు గుంటలో దిగడం మానేస్తాం, అంతే.

కోటయ్య గారు 1990లో రాజ్యసభకి వెళ్ళారు. అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు దగ్గరపడ్డాయి. ఆ మరుసటేడే చిలప నూలు ధర మండిపోయింది. నూలు ఎగుమతులకి తరలిపోతుంటే, ఇక్కడ మగ్గాలు ఖాళీగా కూర్చున్నాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నేతగాళ్ళ ఆకలి చావులు, ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. తాను మూడుసార్లు గెలిచిన చీరాల చుట్టుపక్కలే అది జరిగింది. నలభై ఏళ్ళు నూలు, నూలు అని అడిగిన మనిషికి ఆ వయసులో అది చూడాల్సి రావడం మామూలు బాధ కాదు. రాజ్యసభ సభ్యుడిగా ఉండగానే 1995 నవంబరు 26న ఆయన పోయారు. తర్వాత ఏడాదే 22 రకాల రిజర్వేషన్‌ని 11కి తగ్గించారు. వెంకటగిరిలో 1992లో పెట్టిన భారతీయ చేనేత సాంకేతిక సంస్థకి ఇప్పుడు ఆయన పేరుంది.

మన దగ్గరికి వద్దాం. చైనా పట్టు మన సంతలకి వచ్చినప్పుడు మన తాలూకాలో ఏమైందో పెద్దవాళ్ళకి గుర్తుంది. మల్బరీ పెట్టిన అన్నకి గూళ్ళ ధర పడిపోయింది, నేసే తమ్ముడికి పట్టు చౌకగా దొరికింది. 2003లో చైనా ముడిపట్టు మీద ప్రత్యేక సుంకం వేస్తే అన్న ఊపిరి పీల్చుకున్నాడు. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకం 30 నుంచి 5 శాతానికి దించితే మళ్ళీ తలకిందులైంది. 1934 నాటి ముడి ఇదే, అప్పుడు నూలు, ఇప్పుడు పట్టు. అన్న నష్టాన్నీ తమ్ముడి నష్టాన్నీ కలిపి చూసే లెక్క ఇంకా రాలేదు.

సాయం సంగతి కూడా అంతే. ఆంధ్రలో 2019 డిసెంబరులో మొదలైన పథకం కింద సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. కర్ణాటకలో నేకార సమ్మాన్ 2020లో 2,000తో మొదలై 2022లో 5,000 అయింది. ధర్మవరానికి ఇచ్చిన ఆడపిల్ల ఇంటికి ఒకటి, పుట్టింటికి ఒకటి. ఆమె నేసేదీ వదిన నేసేదీ ఒకే చీర. మూడు దిక్కులా ఆంధ్ర ఉన్న తాలూకా మనది, ఈ తేడా మనకి తెలిసినంతగా బెంగళూరుకి తెలియదు. తెలియజెయ్యాల్సింది మనమే.

దానికి ముందు పుస్తకం కావాలి. మన తాలూకాలో ఆడుతున్న మగ్గాలు, ఆగిపోయిన మగ్గాలు, ఆగిన నెల, సంవత్సరం రాసి పట్టీ తయారు చేస్తున్నాం. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద చేనేత పనివాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే. అందుకని మీ ఇంటి వివరాలు పంపేటప్పుడు మగ్గం ఎవరి పేరున ఉందో వాళ్ళది ఒక్కటే కాదు, కండెలు చుట్టేవాళ్ళ పేరు, పడుగు అతికేవాళ్ళ పేరు కూడా విడివిడిగా రాయండి.