సంకీర్తనకు లక్షణం పలికిన అన్నమయ్య

పాట మరల మరల చేరుకొనే పాదం పల్లవి. ఆ భావాన్ని విస్తరించేది చరణం. 1408లో తాళ్లపాకలో జన్మించి తిరుమలేశుని ఆశ్రయించిన అన్నమాచార్యులవారు ఇట్టి పదాలను వేలుగా రచించడమే కాక, పదరచనకు శాస్త్రమూ కూర్చారు. సంస్కృతంలో వారు వెలయించిన ‘సంకీర్తన లక్షణం’ నేడు అలభ్యం. మనుమడు చినతిరుమలాచార్యులు తెనిగించినందుననే ఆ విషయం మనకు దక్కింది.

పాటలోని సాహిత్యాన్ని మాతువనీ, సంగీతాన్ని ధాతువనీ శాస్త్రకారులు వ్యవహరించారు. 1503లో పరమపదించిన ఆ మహనీయుని మాతువు రాగిరేకులపై నిలిచింది. ధాతువుకు మిగిలిన ఆనవాలు పాటకు ముందు చెక్కిన రాగం పేరు మాత్రమే, స్వరలిపి లేదు. ఈ నష్టం చిన్నది కాదు. మీరు నేడు ఆలకించే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలుగా 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే.