డీజిల్ అనేది ఒక మనిషి పేరు



పోయిన సంక్రాంతికి ముందు ఒక తెల్లవారుజామున మన హాస్టల్లో జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆరో తరగతి తమ్ముడు ఒకడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. కూరగాయలు తెచ్చిన పాత డీజిల్ పికప్ బండి ఆ రాత్రి ఇక్కడే ఆగింది. దాంట్లోనే నందికొట్కూరు ఆస్పత్రికి పోదామన్నారు వార్డెన్ సారు. డ్రైవరన్న సెల్ఫ్ కొట్టాడు. గుర్ గుర్ అని ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. వెనక గొట్టంలోంచి తెల్లపొగ వచ్చిందే గాని ఇంజను అందుకోలేదు. తమ్ముడు దుప్పటిలో మూలుగుతున్నాడు. నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. ఎండలో ఒక్క దెబ్బకు స్టార్టయ్యే బండి చలికి ఎందుకు మొండికేసిందో నాకు అర్థం కాలేదు.

చివరకు బండి కదిలింది. తమ్ముడు నయమై వచ్చాడు. బండి ఎట్లా కదిలిందో తర్వాత చెప్తాను. ఆ వారం సైన్సు సారును అడిగితే, డీజిల్ అంటే ఒట్టి నూనె పేరు కాదు, ఒక మనిషి పేరు అని తెలిసింది. ఆయన బాల్యం మన లాంటి హాస్టల్ పిల్లల కథలాగే ఉంది. అందుకే ఈ నెల గోడపత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టి, తోలు వస్తువులు చేసి బతికేవాడు. 1870లో ఫ్రాన్సుకూ జర్మన్లకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లోని జర్మన్లు ఊరు విడవాల్సి వచ్చింది. ఆ కుటుంబం లండన్ చేరింది. అక్కడ ఇల్లు గడవడం కష్టమై 12 ఏళ్ళ రుడాల్ఫ్‌ను ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు పంపారు. బంధువైన ఒక లెక్కల మాస్టారు ఇంట్లో ఉండి చదువుకున్నాడు. అమ్మానాన్నలను విడిచి ట్రంకుపెట్టెతో ఇక్కడికి వచ్చిన మొదటి రాత్రి మనకు ఎట్లా ఉండిందో తలుచుకోండి. ఆయనకూ అట్లాగే ఉండి ఉంటుంది.

ఇంజనీరు అవుతానని 14 ఏళ్ళకే ఇంటికి ఉత్తరం రాశాడు. స్కాలర్‌షిప్పు మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1879లో చివరి పరీక్షల సమయానికి టైఫాయిడ్ వచ్చి పరీక్ష రాయలేకపోయాడు. అయినా చదువు మానలేదు. 1880 జనవరిలో రాసి మంచి మార్కులతో పాసయ్యాడు. ఆయన గురువు లిండే చలి యంత్రాలు చేయడంలో పేరున్నవాడు. ఆ గురువు కిందే డీజిల్ మొదటి ఉద్యోగం చేశాడు. ఏ పని అనుకున్నారు? మంచు గడ్డలు తయారుచేసే పని! చలికి లేవని ఇంజనును కనిపెట్టినాయన మొదట చలినే తయారు చేశాడన్న మాట.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలను నడిపేది ఆవిరి యంత్రాలు. బొగ్గు వేడిలో చాలా భాగం వాటిలో ఊరికే గాలికి పోయేది. ఆ వృథాను తగ్గించాలని డీజిల్ పట్టుపట్టాడు. ఆగ్నేయాసియా అడవి జనం దగ్గర ఒక చిన్న పనిముట్టు ఉండేది. సన్నటి గొట్టంలో కడ్డీని గట్టిగా గుద్దితే లోపలి గాలి నలిగి వేడెక్కి, అడుగున పెట్టిన దూది లాంటిది అంటుకుంటుంది. దాన్ని చూసే డీజిల్‌కు ఆలోచన వచ్చిందని చెబుతారు. మా తాత చెకుముకి రాయితో నిప్పు పుట్టించేవాడు. అడవి మనుషుల తెలివి ఇంజను దాకా పోయిందంటే నాకు గర్వంగా ఉంది.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు ముట్టి చూడండి, వేడిగా ఉంటుంది. డీజిల్ ఇంజనులో జరిగేదీ అదే. పెట్రోలు బండిలో లాగా దీంట్లో నిప్పురవ్వ ఉండదు. పాత పికప్ లాంటి బండిలో పిస్టన్ గాలిని ఇంచుమించు 20వ వంతుకు నలిపేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీలు దాటుతుంది. దాని మీద డీజిల్ చిమ్మితే తనంతట తాను మండుతుంది.

చెప్పడం తేలికే. 1893 ఆగస్టు 10న మొదటిసారి పరీక్షించినప్పుడు ఒత్తిడిని కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరిపడ్డాయి. ఆయన బతకడమే అదృష్టం. 1894 ఫిబ్రవరిలో ఇంజను ఒక్క నిమిషం తనంతట తాను తిరిగింది. 1897లో సరిగ్గా నడిచింది. నూనెలోని వేడిలో 26 శాతం పనిగా మారింది. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. అంటే మన బుడ్డల నూనె!

ఇప్పుడు మన బండి సంగతి. చలికి ఇనుము చల్లబడి గాలి వేడిని లాగేస్తుంది. ఇంజనాయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, పిస్టన్ మెల్లగా కదులుతుంది. పాత ఇంజనులో రింగులు అరిగి గాలి పక్కలకు జారుతుంది. అందుకని వేడి చాలదు. తెల్లపొగ వచ్చిందంటే డీజిల్ లోపలికి పోతోంది గాని మండటం లేదని అర్థం. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు, ఫిల్టరు గాని, పైపులో పట్టిన గాలి గాని చూసుకోవాలి.

డ్రైవరన్న అదే పనిగా సెల్ఫ్ కొట్టడం ఆపాడు. కొట్టేకొద్దీ బ్యాటరీ దిగిపోతుందట. బ్యానెట్ ఎత్తితే బ్యాటరీ కొనల మీద తెల్లటి బూజులాంటిది పేరుకుని ఉంది. దాన్ని గీకి బిగించాడు. గాలిని ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గుల వైరు ఊడి ఉంది. అదీ తగిలించాడు. తాళం తిప్పి 20 అంకెలు లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టాడు. బండి లేచింది. లడఖ్ లాంటి చోట్ల చలికి డీజిల్లోని మైనమే గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. మన మిడుతూరు చలికి ఆ బాధ లేదు. ఒక్క మాట, ఇంజను కింద మంట పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

డీజిల్ చివరి రోజులు బాధాకరం. పేరు వచ్చింది గాని అప్పుల పాలయ్యాడు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండుకు పోయే ఓడ ఎక్కి, తెల్లారేసరికి కనిపించలేదు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. జేబులోని వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ఆయన వయసు 55. ఆ రాత్రి ఏం జరిగిందో నేటికీ తేలలేదు.

లారీలు, ఓడలు, పొలాల్లో ట్రాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నాయి. ఆ తెల్లవారుజామున మన తమ్ముడిని ఆస్పత్రికి చేర్చింది కూడా, ఒక రకంగా, ఇల్లు విడిచి చదువుకున్న ఆ 12 ఏళ్ళ పిల్లవాడే. మిత్రులారా, జ్వరం వచ్చి పరీక్ష తప్పిందని ఎవరూ సంచి సర్దుకోవద్దు.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు