త్యాగయ్య ముంగిట ఒక నాగరత్నం

సంక్రాంతి పండక్కి అటో ఇటో పుష్య బహుళ పంచమి వస్తుంది. 1847 జనవరి 6న, సరిగ్గా ఆ తిథి నాడే త్యాగయ్య గారు తిరువయ్యారులో కన్నుమూశారు. అందుకే ఏటా ఆ రోజు పొద్దున్నే కావేరి ఒడ్డు నుంచి పంచరత్న కృతులు రేడియోలోనో టీవీలోనో వినిపిస్తుంటాయి. వందలమంది విద్వాంసులు ఎదురెదురుగా బారులు తీరి కూర్చుని ఒక్క గొంతుతో పాడతారు. వాళ్ళలో పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తూ పాడే ఆడవాళ్ళూ బోలెడుమంది ఉంటారు. వంటింట్లో పోపు వేస్తూ ఒక చెవి అటు పడేసేవాళ్ళు మనలో ఎందరో!

ఆ ఆడగొంతులు వినిపించినప్పుడల్లా నాకు బెంగళూరు నాగరత్నమ్మ గుర్తొస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు ఆ పంచమి నాడు ఆ సమాధి ముందు ఆడది పాడకూడదు. ఆ సమాధికి గుడి కట్టించిన ఆడదైనా సరే!

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి సుబ్బారావు అనే వకీలు. ఆయన పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లీబిడ్డల్ని వదిలేశాడు. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా పుట్టలక్ష్మి కూతురికి చదువు చెప్పించాలనుకుంది. మైసూరు ఆస్థానంలో ఉన్న గిరిభట్ట తిమ్మయ్య అనే పండితుడి దగ్గర సంస్కృతం, సంగీతం మొదలుపెట్టించింది. పిల్ల ఏకసంథాగ్రాహి. ఆ చురుకుదనమే పైవాళ్ళకు కంటగింపయిందో ఏమో, కొన్నాళ్ళకు గురువుగారు చదువు ఆపేశారు. ఈ పిల్ల పేడ ఎత్తుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆయన మాట తూలాడనీ, కూతుర్ని విదుషిని చేశాకే మళ్ళీ మైసూరు గడప తొక్కుతానని ఆ తల్లి శపథం పట్టి ఊరు వదిలేసిందనీ చెప్పుకుంటారు. శపథం సంగతి ఎలా ఉన్నా, ఆ తల్లి పంతం మాత్రం నెగ్గింది. బెంగళూరు చేరాక మునుస్వామప్ప దగ్గర పిల్లకు సంగీతం సాగింది. ఆయన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతారు శిష్యుడు. అంటే త్యాగయ్య గారి శిష్యపరంపరే అన్నమాట. పాటతోపాటు నాట్యం, వయొలిన్, నాలుగైదు భాషలూ వచ్చాయి. ఇంగ్లీషు కూడా నేర్చుకుంది. కూతురి వైభవం చూడకుండానే పుట్టలక్ష్మి పోయింది. అప్పటికి నాగరత్నానికి ఇంకా పదిహేనేళ్ళయినా నిండినట్టు లేవు.

తర్వాతి కథ చకచకా నడిచింది. మైసూరు హైకోర్టు జడ్జి నరహరిరావు గారి ఆదరణ దొరికింది. ఆయన ప్రోత్సాహంతోనే మద్రాసుకు మకాం మార్చింది. అక్కడ వీణ ధనమ్మాళ్ వంటి ఉద్దండులున్న చోట నిలదొక్కుకుంది. గ్రామఫోను రికార్డులు ఇచ్చింది. 1905 నుంచి 1934 దాకా 146 ఊళ్ళలో 1235 కచేరీలు చేసినట్టు లెక్క తేలింది. కచేరీల లెక్కలన్నీ డైరీలో రాసి పెట్టుకునే అలవాటు ఆవిడది. మన రాజమండ్రి వాళ్ళు ఆవిడకు చాలాసార్లు సన్మానాలు చేశారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆవిడేనని కూడా అంటారు. ఇల్లు, నగలు, పేరు అన్నీ వచ్చాయి. ఇక్కడితో ఆగిపోయి ఉంటే మంచి గాయకురాళ్ళ జాబితాలో ఒక పేరుగా మిగిలేది, అంతే.

కానీ ఆవిడకు పుస్తకాల పిచ్చి ఉంది. తంజావూరు నాయక, మరాఠా రాజుల కాలం నాటి తెలుగు కావ్యాలు చదువుతుంటే ఒకచోట ముద్దుపళని అనే కవయిత్రి పేరు కనిపించింది. 18వ శతాబ్దంలో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న దేవదాసి ముద్దుపళని. ఆవిడ రాసిన కావ్యం రాధికా సాంత్వనము. కథ మనందరికీ అర్థమయ్యేదే. తను పెంచిన ఇళను రాధే దగ్గరుండి కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తీరా చేశాక మనసు ఊరుకోదు. కుమిలిపోతుంది, అలుగుతుంది. చివరికి కృష్ణుడొచ్చి బతిమాలుకుంటాడు. ఆడదాని కోరికనీ, అసూయనీ ఆడదే కలం పట్టి, దాపరికం లేకుండా రాసిన కావ్యమది.

నాగరత్నమ్మ ముందు అచ్చు ప్రతి సంపాదించింది. తర్వాత అసలు ప్రతి చేతికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే అచ్చులో చాలా పద్యాలు మాయమయ్యాయి! 1887లో అచ్చు వేయించినవాళ్ళు శృంగార పద్యాల్ని తీసేశారంటే ఆ కాలానికి అర్థం చేసుకోవచ్చు. కానీ ముద్దుపళని తన అమ్మమ్మ, నాయనమ్మల తరం నుంచీ తమ ఇంటి ఆడవాళ్ళ విద్యను తలుచుకుంటూ రాసుకున్న అవతారిక కూడా తీసేశారు. అందులో బూతేముంది? ఒక ఆడది ఇంకో ఆడదాని పాండిత్యం గురించి గర్వంగా చెప్పుకోవడం తప్ప! ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు శృంగారం సంగతి కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అసలు ప్రతి ప్రకారం పుస్తకమంతా తనే పరిష్కరించి, 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది నాగరత్నమ్మ. పుట్టుకతో కన్నడం మాట్లాడే మనిషి. తెలుగులో పీఠిక రాసింది. ఆ పీఠికలో ఎవరిని నిలదీసిందనుకున్నారు? సాక్షాత్తు కందుకూరి వీరేశలింగం పంతులు గారిని! విధవా వివాహాలు చేయించిన మహానుభావుడు, బాలికల చదువు కోసం ఊరినంతా ఎదిరించిన మనిషి. ఆయన పేరు చెప్తే ఇప్పటికీ మనం చెయ్యెత్తి దణ్ణం పెడతాం. అలాంటి పంతులు గారే ఆంధ్ర కవుల చరిత్రములో ముద్దుపళనిని తీసిపారేశారు. ఆడవాళ్ళు వినకూడని మాటలు ఆడదాని నోటనే వచ్చాయని ఈసడించారు. దానికి నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న చాలా సూటి. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు వర్తించవా? ఇంతకన్నా పచ్చిగా రాసిన మగ కవుల కావ్యాలు మీరు దగ్గరుండి అచ్చుకు ఒప్పుకున్నారే, వాటికి లేని దోషం దీనికెందుకొచ్చింది? ఇదీ సారాంశం. పెద్దాయనను తూలనాడకుండానే ఇరుకున పెట్టింది.

ఊరుకుంటారా మరి! రాసినావిడ కులాన్నీ, అచ్చు వేయించినావిడ కులాన్నీ ఎత్తి చూపించి ఒక పత్రిక ఎగతాళి చేసింది. విషయం సర్కారు దాకా వెళ్ళింది. 1911లో ఆ పుస్తకం అశ్లీలమని తేల్చి, పోలీసులు ప్రతులన్నీ పట్టుకుపోయారు. పండితులు కొందరు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. నిషేధం ఎత్తేసరికి 1947 వచ్చింది. ముప్పై ఆరేళ్ళు! అప్పుడు మద్రాసు రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారు పెద్దగా ఉన్నారు. ఒక పంతులు గారి మాటతో మొదలైన తగువు ఇంకో పంతులు గారి కాలంలో తీరిందని నేను సరదాగా అనుకుంటుంటాను.

పుస్తకం అలా సంకెళ్ళలో ఉండగానే ఆవిడ జీవితం ఇంకో మలుపు తిరిగింది. 1921లో ఆవిడ గురువుల్లో ఒకరైన బిడారం కృష్ణప్ప గారు తిరువయ్యారు వెళ్ళి, త్యాగయ్య సమాధి పాడుబడి ఉందని ఉత్తరం రాశారు. త్యాగయ్య గారు చివర్లో సన్యాసం తీసుకున్నారు కాబట్టి కావేరి ఒడ్డున సమాధి చేశారు. శిష్యులు బృందావనం కట్టారు. తర్వాత తర్వాత పట్టించుకునేవాళ్ళు కరువై ముళ్ళకంపలు అల్లుకుపోయాయి. 1903 ప్రాంతంలో ఉమయాల్‌పురం సోదరులు, వాళ్ళు త్యాగయ్య దగ్గర నేర్చుకున్నవారే, వెతికి పట్టుకుని బాగుచేయించారు. మళ్ళీ అదే గతి.

ఉత్తరం చదివి నాగరత్నమ్మ తిరువయ్యారు వెళ్ళింది. త్యాగయ్య ఆవిడకు కలలో కనిపించారని కూడా చెప్పుకుంటారు. అప్పటికి నలభై మూడేళ్ళు. ముందు వెనకలు చూసుకోవలసిన వయసు. పిల్లా పీచూ లేని మనిషికి ఆస్తే కదా ఆసరా! అయినా నగలు అమ్మింది, మద్రాసులో ఉన్నదీ అమ్మింది. సమాధి ఉన్న స్థలం సంపాదించి, ఆ ఏడాదే శంకుస్థాపన చేయించింది. 1925లో గుడి పూర్తయి కుంభాభిషేకం జరిగింది. నిత్యపూజకు ఏర్పాట్లు కూడా ఆవిడవే. నగ అమ్మడమంటే ఏమిటో మనకు తెలుసు. కూతురి పెళ్ళికో, ఇంటి అప్పుకో ఒక గొలుసు తీసివ్వాలంటేనే నాలుగు రాత్రులు నిద్రపట్టదు. ఈవిడ మెడా చేతులూ బోసి చేసుకుని ఎప్పుడూ చూడని మనిషికి గుడి కట్టింది.

అప్పటికి అక్కడ ఆరాధన ఒకటి కాదు, రెండు జరిగేవి. విద్వాంసులు రెండు పక్షాలుగా విడిపోయి పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని పేర్లు పెట్టుకున్నారు. కచ్చి అంటే అరవంలో పక్షమని అర్థం. మన భాషలో కచ్చ అనుకున్నా పెద్ద తేడా రాదు! ఏ విషయంలోనూ కలవని ఆ రెండు పక్షాలూ ఒక్క విషయంలో కలిశాయి. ఆడవాళ్ళు, అందులోనూ దేవదాసీలు, సమాధి ముందు పాడకూడదు. 1926లో నాగరత్నమ్మ అడిగితే కాదన్నారు. గుడి ఆవిడది. దీపం ఆవిడది. పాట మాత్రం వాళ్ళది.

ఆవిడ ఏడుస్తూ మద్రాసు రైలెక్కలేదు. 1927లో తన కచ్చి తనే పెట్టింది. ఆడవాళ్ళ కచ్చి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాటకత్తెల్ని పిలిచింది. వాళ్ళు ముందు పాడుతుంటే వీళ్ళు సమాధి వెనక పాడేవారు. అలా ఏటా పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో ఒకే త్యాగయ్యకు మూడు ఆరాధనలు! వెనక పాటలకు కూడా జనం పోగయ్యారు. పద్నాలుగేళ్ళు అలాగే సాగింది. చివరికి ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి పూనుకుని అందర్నీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. 1941 నుంచి మూడు కచ్చిలూ ఒకటయ్యాయి. ఆ ఏడు ఆడవాళ్ళు వెనక నుంచి ముందుకొచ్చి కూర్చున్నారు. ఇవాళ మనం చూసే పంచరత్న బృందగానం ఈ కలయిక తర్వాత కుదురుకున్నదే.

ఆవిడ గురించి రాస్తూ ఒక సంగతి దాటేస్తే న్యాయం కాదు. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దు చేయాలని మద్రాసు శాసనమండలిలో పట్టుబట్టారు. ముత్తులక్ష్మి గారి తల్లీ ఆ కులంలో పుట్టినావిడే. దానికి ఎదురు నిలిచిన దేవదాసీల్లో నాగరత్నమ్మ ముందుంది. ఈ తగువులో నా మనసు ముత్తులక్ష్మి గారి వైపే మొగ్గుతుంది. పసిపిల్లల్ని గుడికి ముడిపెట్టడం ఆగాల్సిందే. కానీ నాగరత్నమ్మ భయాన్ని కొట్టిపారేయలేను. ఆ ఇళ్ళలో ఆడపిల్లకు చదువుండేది, సొంత సంపాదన ఉండేది, ఆస్తి హక్కు ఉండేది. మిగతా ఇళ్ళలో మన నాయనమ్మలకు అందులో ఏది ఉండేది? తమ విద్యనంతా ఒక్క మాటతో పాపంగా లెక్కగడుతుంటే ఆవిడ ఊరుకోలేకపోయింది. చట్టం 1947లో వచ్చింది. ముద్దుపళని పుస్తకానికి విడుదల దొరికిన ఏడాదే.

చివరి రోజుల్లో నాగరత్నమ్మ తిరువయ్యారులోనే ఉండిపోయింది. కచేరీలు లేవు. గంజో గటకో, సమాధి దగ్గర పూజ, పాట. విద్యాసుందరి, త్యాగసేవాసక్త అని పెద్దలిచ్చిన బిరుదులు ఉన్నాయి. 1949లో వీలునామా రాసింది. మిగిలిన ఆస్తంతా సమాధి సేవకు, ఒక ట్రస్టు చేతుల్లో పెట్టింది. చాలా జాగ్రత్తగా ఒక షరతు కూడా పెట్టింది. అక్కడ పూజకూ పాటకూ వచ్చే ఆడవాళ్ళను, దేవదాసీలతో సహా, ఎవరూ అడ్డుకోకూడదు. రాజీ కుదిరి ఎనిమిదేళ్ళయినా కాగితం మీద రాయించుకుంది చూడండి, ఎంత లోకం చూసిన మనిషో!

1952 మే 19న ఆవిడ పోయింది. వావిళ్ళ వారు రాధికా సాంత్వనమును మళ్ళీ అచ్చు వేసింది కూడా ఆ ఏడాదే. ఆవిడను త్యాగయ్య సమాధికి దగ్గర్లోనే సమాధి చేశారు. దాని మీద ఆవిడ విగ్రహం ఉంది. చేతులు జోడించి, త్యాగయ్య వైపు తిరిగి కూర్చుని ఉంటుంది. ఎప్పుడైనా తంజావూరు వైపు వెళితే పదమూడు కిలోమీటర్ల దూరమే తిరువయ్యారు. బస్సులున్నాయి. త్యాగయ్యకు దణ్ణం పెట్టుకున్నాక, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆవిడను కూడా చూసి రండి.