మూడు కిలోల నుంచి మూడొందల గ్రాములకు

ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో బీటెక్ పూర్తిచేసి ఇంటర్వ్యూకు వెళ్లారు. ఒక్క ర్యాంకు తేడాతో ఉద్యోగం పోయిందనుకోండి. ఎట్లుంటుంది? అబ్దుల్ కలాంకు జరిగింది అదే. మద్రాస్ ఎంఐటీలో ఏరోనాటికల్ చదివి, పైలట్ అవుదామని డెహ్రాడూన్ వెళ్లారు. తీసుకునేది ఎనిమిది మందిని. ఆయనది తొమ్మిదో స్థానం.

1931లో రామేశ్వరంలో పుట్టడం, చిన్నప్పుడు పేపర్లు వేయడం, 1980లో ఎస్‌ఎల్‌వీ-3 విజయం... ఇవన్నీ మీరు జీకే పుస్తకాల్లో బట్టీ పట్టే ఉంటారు. నేను చెప్పబోయేది హైదరాబాద్ సంగతి.

1982లో ఆయన డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. 1989 మే 22న అగ్ని క్షిపణి ఎగిరింది. తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే వేడిని తట్టుకోవడానికి కార్బన్ కాంపోజిట్ తయారుచేశారు. గట్టిది, కానీ చాలా తేలిక. ఒకరోజు నిమ్స్ నుంచి ఎముకల డాక్టరొకరు ల్యాబ్‌కు వచ్చి, ఆ ముక్కను చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయారు. కలాంను వెంటబెట్టుకుని తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు కట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. జమ్మలమడుగు వైపు పల్లెల్లో పోలియో సోకిన పెద్దవాళ్లను మీలో కొందరైనా ఇట్లా చూసే ఉంటారు.

మూడు వారాల్లో కలాం బృందం కొత్త కాలిపర్ తయారుచేసింది. బరువు 300 గ్రాములు! దాని పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. తొడ కండరం బలహీనమైతే నిలబడగానే మోకాలు ముందుకు మడిచిపోతుంది. ఈ కాలిపర్ చీలమండను కదలనివ్వదు, మోకాలి కింద ముందువైపు ఆనుకుని ఉంటుంది. అడుగు వేయగానే నేల ఇచ్చే ప్రతిచర్య బలమే మోకాలిని వెనక్కి నెట్టి నిటారుగా నిలుపుతుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. నాకైతే కాలేజీలో రియాక్షన్ ఫోర్స్ అంటే బోర్డు మీద ఒక బాణం గుర్తు, నాలుగు మార్కులు. అంతే!

మీ కాలేజీలో బయోమెడికల్ బ్రాంచి లేదని బెంగపడుతున్నారా? ఈ కాలిపర్ వచ్చింది క్షిపణుల ల్యాబ్ నుంచే కదా. మెకానిక్స్, మెటీరియల్స్ పుస్తకాలు మాత్రం పాత పేపర్ల వాడికి అమ్మేయకండి.

తర్వాత డాక్టర్ సోమరాజుతో కలిసి తక్కువ ధరలో గుండె స్టెంట్ మీద పనిచేశారు. 2002లో రాష్ట్రపతి అయ్యారు. ఎక్కడ మాట్లాడినా ఆ పిల్లలు పరుగెత్తిన సంగతి, వాళ్ల అమ్మానాన్నల కన్నీళ్ల సంగతి తలచుకునేవారు. 2015 జూలై 27న షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కుప్పకూలిపోయారు.